పదహారు జతలకి పసుపు

పొద్దుటినుంచీ భారతికి కాలు ఒకచోట నిలవడం లేదు. విజయనగరం ఊరి చివర ఆ పెద్ద ఫంక్షన్ హాల్లో, మోడళ్ళు బట్టలు మార్చుకునే గదిలోంచి బయటికీ, బయటినుంచి లోపలికీ ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలీదు. నిన్న కుట్టిన హుక్కుల్నే మళ్ళీ లాగి చూస్తుంది. ఇస్త్రీ చేసిన లంగాని మళ్ళీ అరచేత్తో రాస్తుంది. దారప్పోగు కనిపిస్తే చాలు, పళ్ళతో కొరికేస్తుంది. మెళ్ళో కత్తెర వేలాడుతూనే ఉంది మరి!

"ఒక్క నిమిషం కూకోవే. నిన్ను సూస్తంటే నాకు కళ్ళు తిరుగుతన్నాయి," అంది మూలన చాప మీద కూర్చున్న లక్ష్మణమ్మ. భారతికి అత్తగారు ఆవిడ.

"నువ్వు కూకున్నావు కదత్తా, అదే సాలు. దేన్నీ ముట్టుకోకు. నీకు దండవెడతాను."

అసలు అత్తని తీసుకురావడమే భారతికి ఇష్టం లేదు. సాయానికి రావలసిన కుమారి తెల్లారగట్ల ఫోన్ చేసి జ్వరమంది. జ్వరమో బద్ధకమో ఆ దేవుడికే ఎరుక. బస్సెక్కే వేళకి ఇంకో మనిషి ఎక్కడ దొరుకుతుంది? పిన్నులు అందించడానికీ, బట్టలు పట్టుకోవడానికీ ఎవరో ఒకరు ఉండాలి కదా. "నానొస్తానే" అంటూ లక్ష్మణమ్మ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. అరవై దాటినా నెత్తిన చేపల తట్టతో భోగాపురం దాకా నడిచే మనిషి. ఆవిడ బయల్దేరాక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు సాయంత్రం ఫ్యాషన్ షో. డిజైనర్ మోహనకృష్ణ పుట్టింది ఈ జిల్లాలోనే, పేరు మోసింది హైదరాబాదులో. విజయనగరంలో షోరూము తెరుస్తున్నాడని ఈ సంబరం పెట్టాడు. మొత్తం పదహారు జతలు. పదిహేను జతలు మోడళ్ళకి, చివరి జత సినిమా హీరోయిన్ మేఘాంశికి. ముందు వరస సోఫాలు టీవీ యాంకర్లకీ, ఓ మాజీ క్రికెటర్‌కీ అని కాగితాలు అంటించేశారు. బట్టల కుట్టుపని హైదరాబాదులోనే అయిపోయింది. అంచులు మడవడం, హుక్కులు, పూసలు, ఆ చివరి చేతిపనంతా భారతికి అప్పగించాడు. "షో మచ్చ లేకుండా జరిగిందనుకో, ఏడాది పొడుగునా నా చేతిపని మీ ఊరికే పంపిస్తాను. ఎనిమిదిమంది ఆడవాళ్ళని కూడగట్టుకో," అన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచీ భారతికి కంటిమీద కునుకు లేదు. ఆమె మొగుడు ధర్మేంద్ర గుజరాత్‌లో, వెరావల్ రేవులో, ఎవరివో బోట్ల మీద వేటకి వెళ్తాడు. ఊళ్ళో సగంమంది మగాళ్ళ బతుకు అంతే. వానాకాలంలో రైలెక్కితే ఎండలు ముదిరాకే ఇంటి మొహం చూడ్డం. నిరుడు పక్కింటి కొండబాబు అలాగే వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. బోటు దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటినుంచీ ఫోన్ మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. ఈ పని చేతికొస్తే సరుకు తేవడానికీ ఇవ్వడానికీ మగమనిషి కావాలి, ధర్మేంద్ర ఇంటిపట్టునే ఉండిపోవచ్చు. "ఆ పని నీకు వొచ్చిందంటే సాలు, నానింక సచ్చినా ఈ దరికి రాను," అని మొన్న ఫోన్లో అతనే అన్నాడు. ఆ మాట లక్ష్మణమ్మ కూడా వింది. విని, వంటింట్లోకి పోయి ముక్కు చీదుకుంది.

మధ్యాహ్నం మూడవుతుండగా మేనేజర్ త్రినాథ్ గుమ్మంలోంచి కేకేశాడు. నడిచేటప్పుడు మోడళ్ళ లంగాలు కాళ్ళకి అడ్డం పడుతున్నాయేమో ర్యాంపు దగ్గర చూడాలట. అప్పటికి వాళ్ళంతా అదే కొలతల రిహార్సల్ బట్టల్లో ఉన్నారు. అసలు బట్టలు గదిలో హ్యాంగర్లకి వేలాడుతున్నాయి. భారతి టేపు పట్టుకుని పరిగెత్తింది. అక్కడ ఒకమ్మాయి ఎత్తు మడమల చెప్పులు మార్చానంటుంది, ఇంకొకమ్మాయి నడుం దగ్గర బిగువంటుంది. పని తెమిలేసరికి ముప్పావుగంట పట్టింది.

గదిలోకి వచ్చేసరికి లక్ష్మణమ్మ చాప మీద లేదు. హ్యాంగర్ల దగ్గర నిలబడి ఉంది. ఎడం చేతిలో స్టీలు గిన్నె. కుడిచేతి ఉంగరం వేలు పచ్చగా ఉంది. మొహం నిండా నవ్వు.

"అన్నింటికీ ఎట్టీసినాను," అంది. "ఒక్కటీ ఇడిసిపెట్టనేదు."

"ఏటెట్టినావు?"

"పసుపే! కొత్తబట్ట పసుపెట్టకుండా ఒంటిమీద ఏస్తారేటే? పదారుమంది ఆడపిల్లలు, ఒక్కర్తి బట్టకీ పసుపు సుక్క నేదు. అంతమంది కళ్ళు పడతాయా మీద! తల్లులెవులూ దగ్గర నేరు, పాపం. వొంటోల్లనడిగి తెచ్చినాను."

భారతి హ్యాంగర్ల మీదికి ఉరికింది. ఒక్కో జతా తిరగేసి చూసింది. నీలం, ముదురాకుపచ్చ, మెరూన్, నలుపు. లోపలి అంచున ఎక్కడో ఓ చుక్క. కనబడదు. అమ్మయ్య, కనబడదు! పదిహేనూ అలా దాటి చివరి హ్యాంగర్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మేఘాంశి వేసుకోవలసిన ఓణీ అది. పాలమీగడ రంగు, పల్చటి పట్టు. నాలుగు మూలలా నాలుగు బొట్లు, ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత.

"ఇది ఆ సినిమా అమ్మాయిదంట కదా. దిష్టి ఎక్కువ తగుల్తాదని నాలుగేపులా ఎట్టినాను," అంది లక్ష్మణమ్మ, మంచి పని చేసిన మనిషి గొంతుతో.

"కొంప ముంచీసినావత్తా! నా నోట్లో మన్ను కొట్టీసినావు!"

ఓణీ లాక్కుని వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తింది భారతి. "సబ్బు ఎయ్యకే, ఎరుపెక్కిపోద్ది!" అని వెనక అత్త అరుస్తూనే ఉంది, ఈలోగా సబ్బు పడనే పడింది. చూస్తుండగానే పసుపు కాస్తా ఎర్రబడి పారాణి మరకయిపోయింది. భారతి ఏడుపూ మర్చిపోయి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

లక్ష్మణమ్మ మాత్రం కంగారు పడలేదు. వంటవాళ్ళ దగ్గరికి మళ్ళీ పరిగెత్తి రెండు నిమ్మకాయలు తెచ్చి పిండింది. ఎరుపు మళ్ళీ పసుపులోకి దిగింది. "ఇంక దీనికి ఎండే మందు. ఎండకి పసుపు నిలవదు. పద మేడమీదికి," అంది.

మేడమీద ఎండ అప్పటికే పడమటికి వాలిపోయింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, ఎండ ఎటు జరిగితే అటు ఓణీని జరుపుతూ నిలబడ్డారు. రెప్పవేస్తే ఆ ఒక్క క్షణంలో ఏం మారిపోతుందో అన్నట్టు భారతి మరకనే చూస్తోంది. తగ్గుతోంది. నిజంగానే తగ్గుతోంది. కానీ ఇంత నెమ్మదిగానా! సూర్యుడిని ఎవరైనా కాసేపు పట్టి ఆపితే బాగుండును. కింద గేటు దగ్గర జనం. ఏ కారు వచ్చినా ఈలలు, ఫోన్లు పైకెత్తడాలు. క్రికెటర్ వచ్చాడు కాబోలు, ఓ గోల లేచింది. ఆ గోలకి భారతి అటు తిరిగేసరికి ఓణీ జారబోయింది.

"గట్టిగా పట్టుకో. ఏటీ అవదు," అంది లక్ష్మణమ్మ.

"నువ్వు మాట్లాడకు. అసలు నువ్వు రాకపోయుంటే ఇదంతా ఉండేదా?"

లక్ష్మణమ్మ ఓణీని మాత్రం వదల్లేదు.

కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడు. ముందు త్రినాథ్, వెనకే మోహనకృష్ణ. మెత్తగా మాట్లాడే మనిషే, కానీ అప్పుడు మొహం కందగడ్డలా ఉంది. గబగబా వచ్చి ఓణీ మూల అందుకుని చూశాడు. మరక సగానికి పైగా పోయింది. లేతగా, నిమ్మపండు చాయలో ఇంకా ఉంది.

"ఇదేంటి? ఎవరు చేశారిది?"

భారతికి ఎనిమిదిమంది ఆడవాళ్ళూ కళ్ళముందు ఆడారు. వెరావల్ రైలు ఆడింది. కొండబాబు పెళ్ళాం బోసి నుదురు ఆడింది. ఓణీ రెండో కొస పట్టుకుని అత్త ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఈవిడేనండి," అంది భారతి. "మా కుమారి రాలేదని బస్టాండు దగ్గర కూలికి తెచ్చుకున్నానండి. ఎవరో నాకూ తెలీదు. చెప్పకుండా పసుపు పెట్టేసిందండి."

మాట ఇంత సులువుగా వచ్చేస్తుందని ఆమె అనుకోలేదు. లక్ష్మణమ్మ రెప్ప కూడా వెయ్యలేదు. చేతిలో కొసని జాగ్రత్తగా మడిచి పిట్టగోడ మీద పెట్టింది. "తప్పయిపోనాది బాబూ," అంది మోహనకృష్ణతో. త్రినాథ్ ఆవిడని మెట్ల దాకా తోలుకెళ్ళి, "గేటు బయటికి నడు," అన్నాడు. ఆవిడ నడిచింది. దిగేటప్పుడు మోకాలు పట్టేసిందేమో, ఒక్కో మెట్టుకీ ఆగి దిగింది. భారతి అటు చూడలేదు. ఎండవైపు ఓణీ పట్టుకుని, పళ్ళు బిగించి నిలబడింది.

మేఘాంశి వచ్చేసరికి దీపాలు వెలిగాయి. సినిమాల్లో కనిపించే దానికన్నా సన్నగా, చిన్నపిల్లలా ఉంది. చుట్టూ నలుగురు మనుషులు, మొహం మీద వెలుగు వేసే ఓ బల్బు, ఆ వెలుగు వెంబడే తిరిగే ఫోను. భారతి ఆమెకి లంగా కట్టింది, ఓణీ చుట్టింది, కుచ్చిళ్ళు సర్దింది. లేత మరకల్లో మూడింటిని మడతల్లోకి తోసేసింది. నాలుగోది ఎంత తోసినా భుజం మీది కొసకే వచ్చి కూర్చుంది.

మేఘాంశి వేలు సరిగ్గా దాని మీదే పడింది. "ఇదేంటి?"

మోహనకృష్ణ గొంతు సవరించుకునేలోగా ఆమే పోల్చుకుంది. "పసుపా? అయ్యో! మా అమ్మమ్మ పెట్టేది. ఇన్ని సినిమాలు చేశాను, ఒక్క డ్రెస్సుకి ఎవరూ పెట్టలేదండీ. ఎవరి ఐడియా ఇది?"

మోహనకృష్ణ నవ్వాడు. ఆ నవ్వు ఎంత చప్పున వచ్చిందో! "మన కాన్సెప్టే మేడమ్. పదహారింటికీ పెట్టించాం. ఇక్కడి పెద్దావిడతోనే."

గంట క్రితం గేటు బయటికి తోయించిన పసుపు ఇప్పుడు కాన్సెప్టు అయి కూర్చుంది. భారతికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

షో మొదలైంది. తెర సందులోంచి చూస్తోందన్న మాటే గానీ భారతి కళ్ళకి ఏదీ ఆనలేదు. పాట మోతకి నేల అదురుతోంది. మోడళ్ళు వెళ్తున్నారు, వస్తున్నారు, ఆమె హుక్కు విప్పుతోంది, పెడుతోంది. మనసంతా గేటు దగ్గరే. మోకాలి నొప్పితో అత్త ఎక్కడ కూర్చుందో. టీ నీళ్ళయినా తాగిందో లేదో. బస్సెక్కి ఊరెళ్ళిపోయిందేమో. వెళ్ళిపోయుంటే బాగుండును అనీ, వెళ్ళకపోతే బాగుండును అనీ ఒకేసారి అనిపించింది.

చివర్లో మేఘాంశి నడిచింది. హాలంతా లేచి నిలబడింది. ఆమె మైకు అందుకుని పసుపు సంగతి చెప్పింది. చప్పట్లే చప్పట్లు. "ఆ అమ్మని ఒకసారి స్టేజీ మీదకి పిలుస్తారా?" అంది.

త్రినాథ్ తెర వెనక్కి దూసుకొచ్చాడు. "ఆ ముసలావిడేదీ? తొందరగా! తొందరగా!"

"నేను తెస్తాను," అని భారతి పరిగెత్తింది.

లక్ష్మణమ్మ వెళ్ళిపోలేదు. ఆటోల పక్కన గట్టు మీద, తలమీద కొంగు వేసుకుని కూర్చుంది. భారతిని చూసి గబుక్కున లేచి చుట్టూ చూసింది. "ఎందుకొచ్చినావే? ఎవులైనా సూస్తారు. పో."

"అత్తా, నన్ను సెప్పుచ్చుకు కొట్టు. ముందు లోపలికి రా. హీరోయిన్ పిలుస్తన్నాది. అందరి ముందూ సెప్పీస్తాను, నువ్వు మా అత్తవని."

"పిచ్చెక్కినాదేటి నీకు?" లక్ష్మణమ్మ గొంతు తగ్గించింది. "అబద్దమాడినావని తెలిస్తే ఆ బాబు నీకు పనిస్తాడా? ఆ పని రాకపోతే నా కొడుకు మళ్ళీ అక్కడికే పోతాడు. నోరు మూసుకుని నడు."

భారతి చెయ్యి పట్టి ఎక్కించిన ర్యాంపు మీద, అంత వెలుగులో లక్ష్మణమ్మ మరీ చిన్నగా కనిపించింది. పాత నేత చీర, చేపలు కోసి గట్టిపడ్డ చేతులు. మేఘాంశి ఆవిడ పక్కన చేరి భుజం మీద చెయ్యేసింది. వందల ఫోన్లు పైకి లేచాయి. "అమ్మా, మీరు ఎవరి తరఫున వచ్చారు? ఈవిడకి ఏమవుతారు?" అని భారతిని చూపించి, మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టింది.

లక్ష్మణమ్మ నోరు విప్పేలోగా భారతి ముందుకొచ్చింది. "మా అత్తండీ," అంది. గొంతు హాలంతా మోగింది. "నా మొగుణ్ణి కన్నతల్లి."

మోహనకృష్ణ మొహంలో నవ్వు ఆగిపోయింది. త్రినాథ్ వైపు చూశాడు. త్రినాథ్ భారతి వైపు చూశాడు.

లక్ష్మణమ్మ మైకుని తనవైపు లాక్కుంది. ఎప్పుడూ మైకు పట్టుకున్న మనిషి కాదు, అయినా గొంతు వణకలేదు.

"కాదు తల్లీ. ఈ పిల్ల మనసు మంచిది. నన్ను ఎండలో నిలబెట్టినానని జాలిపడి అలగంటన్నాది. నాను కూలికొచ్చినాను. ఈ పిల్లెవరో నాకు తెల్దు." కొంగు సర్దుకుంది. "నాకు కొడుకులు నేరు."

స్పీకర్లలో ఆ మాట హాలు ఈ కొసనుంచి ఆ కొస దాకా వినబడింది. మేఘాంశి "అయ్యో అమ్మా" అని ఆవిడని గట్టిగా కావలించుకుంది. జనం చప్పట్లు కొట్టారు. మోహనకృష్ణ మొహం తేటపడింది. భారతి అక్కడే నిలబడి ఉంది. కొడుక్కి పన్ను సరిగా మొలవకపోయినా కీడని మొక్కుకున్న మనిషి ఈవిడ. బయటికెళ్ళేవాడిని ఎక్కడికని అడిగితే అపశకునమని అడగని మనిషి. కొడుకు సముద్రం మీద ఉండగా ఆ మాట ఎలా వచ్చింది ఆ నోట!

షో అయ్యాక మోహనకృష్ణ తనే వెతుక్కుంటూ వచ్చాడు. "సోమవారం మొదటి పెట్టె పంపిస్తాను భారతీ. ఎనిమిదిమందీ రెడీయేనా?" అన్నాడు. ఆమె తలూపింది. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే చెవులు రిక్కించి బతికింది. ఇప్పుడది విని ఏమీ అనిపించలేదు.

గేటు దాటి, జనం పల్చబడ్డ చోట లక్ష్మణమ్మ ఆగింది. ఆగీ ఆగగానే రెండు చెంపలూ టపటపా వాయించుకుంది. "పాపిష్టి నోరు! తల్లీ పైడితల్లీ, నానన్నది నా మీదే ఎట్టుకోయే. ఆడి మీద ఎట్టకు తల్లీ, ఆడి మీద ఎట్టకు." కళ్ళంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. మేడ మీద కారని నీళ్ళు, స్టేజీ మీద కారని నీళ్ళు.

భారతి ఆవిడ చేతులు పట్టుకుంది. "అత్తా, పని ఇచ్చీసినారు. ఆడు వొచ్చీస్తాడింక. నీ కాళ్ళు మొక్కుతాను, కొట్టుకోకు."

"ఫోన్ సెయ్యే ఆడికి."

భారతి చేసింది. అవతల ఎవరో ఆడగొంతు హిందీలో ఏదో చెప్పి ఆగింది.

"ఎవర్తే అది? ఏటంటన్నాది?"

"అందడం నేదంటన్నాదత్తా. వేటకెళ్ళుంటాడు. నీళ్ళ మీద సిగ్నల్ ఉండదు కదా."

"నిన్న ఈ వేళకి ఎత్తినాడు కదే."

"నిన్న రేవులో ఉన్నాడు."

ఊరికెళ్ళే బస్సు వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కకపోయేసరికి కండక్టరు విసుక్కుని విజిలేశాడు.

"మళ్ళీ సెయ్యి," అంది లక్ష్మణమ్మ.

భారతి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే ఆడగొంతు.

"మళ్ళీ సెయ్యే."